విచారణ గదిలో ఊగే తెర

ఒకరి ఫోన్ నెంబరు తెలుసుకోవడానికి ఇంకొకరికి ఫోన్ చేసేవాళ్లమంటే ఇప్పటి పిల్లలకు నవ్వొస్తుంది. కానీ నా ఉద్యోగంలో సగం ఆ పని చుట్టూనే గడిచింది. నాందేడ్‌లో మా టెలిఫోన్ ఆఫీసు మేడమీద ఒక పొడవాటి గది ఉండేది. దాన్ని విచారణ గది అనేవాళ్లం. ఎవరైనా ఫోన్ చేసి పేరూ ఊరూ చెబితే అక్కడివాళ్లు వెతికి నెంబరు చెప్పేవాళ్లు. గురుద్వారా దగ్గర గది దొరికే లాడ్జి కావాలని పంజాబీలు అడిగేవారు. బాబ్లీ ఊరి రైతు ఎరువుల కొట్టు నెంబరు అడిగేవాడు. మరాఠీలో ఒకరు, తెలుగులో ఒకరు, దక్కనీ హిందీలో ఒకరు. గోడ మీద చిన్న దీపాల బోర్డు ఉండేది. ఎంతమంది లైన్లో కాచుకొని ఉంటే అన్ని దీపాలు వెలిగేవి. అవి పూర్తిగా ఆరిపోయిన రోజును నేను చూడలేదు.

నేను ఆ గదిలో కూర్చునేవాణ్ని కాదు. నిలబడేవాణ్ని. కంప్యూటర్లు బాగుచేయడం నా పని. నిజామాబాద్ వైపు నుంచి బదిలీ మీద వచ్చి, తిరిగి పోతానని పెట్టె విప్పకుండా కొంతకాలం, విప్పి మిగతా కాలం, మొత్తానికి ఈ ఊళ్లోనే పదవీ విరమణ చేశాను.

గదిలో వరసగా కుర్చీలు. మొదట చాచా. వయసులో అందరికంటే పెద్ద, దక్కనీలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవాడు. రెండో కుర్చీలో ధర్మాబాద్ దగ్గరి రైతుల ఇంటి ఆడబిడ్డ. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ని. మూడో కుర్చీలో మర్ఖేల్ నుంచి వచ్చిన అమ్మాయి. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఆమె వేళ్లు మీటల మీద వడగళ్లు పడ్డట్టు పడేవి. ఆ తర్వాత ఒక లావాటి సిమెంటు స్తంభం. స్తంభం అవతల కిటికీ పక్కన, కూలర్ ఎదురుగా, మా సూపర్‌వైజర్ కుర్చీ. ఆమె మరాఠీ ఆవిడ. అందరం బాయి అనేవాళ్లం. తెలుగు బాగానే మాట్లాడేది గానీ కోపం వస్తే మరాఠీలోకి దిగేది. అందుకని ఆమె తెలుగు మాట్లాడుతున్నంతసేపు మాకు ధైర్యంగా ఉండేది.

అంతకుముందు లావాటి డైరెక్టరీ పుస్తకాలు తిరగేసేవారు. వాటి స్థానంలో కంప్యూటర్లు వచ్చాయి. ఇప్పటి పలుచని తెరలు కావు, వెనక ఇంత వీపు ఉన్న గాజు డబ్బాలు. వాటిని అమర్చిన రోజు బాయి నన్ను పిలిచి తెర మీద వేలు పెట్టి చూపించింది.

"ఒక్క ఇంటిపేరు కొడితె ఇంత పొడుగు వరస అస్తది. కిందికీ మీదికీ జరుపుకుంట కూసుంటె అవతలోడు ఫోన్ పెట్టేస్తడు. అంతా ఒక్కతాన కనబడాలె."

అంతా ఒక్కచోట కనబడాలంటే అక్షరాలు చిన్నవి కావాలి, తెర మీద గీతలు ఎక్కువ కావాలి. అలాగే పెట్టాను. గది అంతటా అడ్డంగా వెయ్యీ ఇరవై నాలుగు చుక్కలు, నిలువుగా ఏడు వందల అరవై ఎనిమిది గీతలు. బాయి సంతోషించింది. ఒక్కో ఫోనుకు ఎంతసేపు పడుతున్నదో పై ఆఫీసువాళ్లు నెలనెలా చూసేవారు. ఆ నెల మా గదికి మెచ్చుకోలు వచ్చింది.

కొద్దిరోజులకే చెల్లె నా దగ్గరకు వచ్చింది.

"అన్నా, నా టీవీ ఊగుతున్నది."

"ఊగుడు ఏంది చెల్లె?"

"ఏమో. నీళ్లల్ల ఎండ పడ్డట్టు. సూస్తుంటే తల పలుగుతున్నది."

నాకేమీ కనబడలేదు. అయినా ఆమె చెప్పింది అబద్ధం కాదని నాకు తెలుసు. ఆ డబ్బాల్లో బొమ్మ నిలిచి ఉండదు. లోపల ఒక కిరణం పైనుంచి కిందికి గీత తర్వాత గీత గీసుకుంటూ పోతుంది, అడుగుకు చేరగానే మళ్లీ పైకి లేస్తుంది. సెకనుకు అరవై సార్లు. చాలామంది కంటికి అది నిలిచిన బొమ్మే. కొందరి కన్ను మాత్రం ఆ లేవడం పడటం పట్టేస్తుంది. మరి ఎక్కువసార్లు గీయించవచ్చు కదా అంటారేమో. గొర్రుతో విత్తనం వేసేవాణ్ని అడగండి. ఎద్దులు అవే అయినప్పుడు, పొలంలో సాళ్లు ఎక్కువ పెడితే పొద్దుగూకేలోపు చుట్లు తక్కువే పడతాయి. మా మానిటర్లూ అంతే. అన్ని గీతలు కావాలంటే సెకనుకు అరవైకి మించి తిరగలేవు. గీతలు తగ్గించి ఎనిమిది వందలు బై ఆరు వందలు పెడితే ఎనభై ఐదు సార్లు తిరుగుతాయి. అక్షరాలు పెద్దవవుతాయి, వరసలో సగం పేర్లు కిందికి పోతాయి.

చెల్లె తెర ఒక్కటీ అలా మార్చాను. ఆమె కళ్లు చికిలించి చూసి, "నిలవడ్డది అన్నా" అంది. నేను పెద్ద డాక్టరులా చేతులు దులుపుకొని కిందికి దిగాను.

మర్నాడు మధ్యాహ్నం నా గదికి ఫోన్. "అన్నా, మల్ల ఊగుతున్నదే."

పైకి పరుగెత్తాను. తెర ఎనభై ఐదు మీదే ఉంది. తీగ మార్చాను. కరెంటు ఎక్కువతక్కువలు అని స్టెబిలైజర్ మార్చాను. పక్కన ఫ్యాను ఉంటే జరిపించాను. మానిటరే మార్చి కింద స్టోరులోంచి ఇంకోటి తెచ్చి పెట్టాను. కొత్తది పెట్టిన గంటకు ఆమె అరచేతితో కుడి కణత నొక్కుకుంటూ, నా మొహం చూసి ఏమీ అనలేకపోయింది. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది. భోజనాల వేళ ఆమె కుర్చీలో నేనే కూర్చొని గుడ్లప్పగించి చూసేవాణ్ని. ఏమీ ఊగేది కాదు. ఇంటికి వెళ్లినా మనసు అక్కడే. అన్నం తింటూ లేచి చేయి కడుక్కొని, ఏదో గుర్తొచ్చినట్టు సైకిల్ తీసి మళ్లీ ఆఫీసుకు వెళ్లిన రోజులున్నాయి. వెళ్లాక గుర్తొచ్చినది తప్పని తేలేది.

కంటి డాక్టరు చూసి కళ్లు దివ్యంగా ఉన్నాయన్నాడు. ఆ మాటే ఆమె కొంప ముంచింది.

"కళ్లు మంచిగున్నయ్. టీవీ మంచిగున్నది. నువ్వే రెండుసార్ల మార్చినవ్" అని బాయి నన్ను పక్కకు పిలిచి అంది. "ఇగ మంచిగ లేంది ఏంది? పని మీద మనసు. రోజూ ఉంటది ఈమెకు డోకేదుఖీ."

డోకేదుఖీ అంటే మరాఠీలో తలనొప్పి. ఆ మాట గదిలో ఆమెకు మారుపేరైపోయింది. ఆమె ఎక్కువసార్లు లేచి మొహం కడుక్కోవడానికి వెళ్లేది. వెళ్లినప్పుడల్లా ఆమె ఫోన్లు మర్ఖేల్ అమ్మాయి మీద పడేవి. ఆ అమ్మాయీ విసుక్కునేది. చివరికి బాయి పై ఆఫీసుకు రాసింది. ఈమె తెర ముందు కూర్చునే పనికి పనికిరాదు, వేరే చోటుకు పంపండి అని. ఖాళీ ఉన్నది కిన్వట్‌లో.

కిన్వట్ చెడ్డ ఊరేం కాదు. అడవి ఉంది, ఆదిలాబాద్ పోయే రైలు ఉంది. కానీ చెల్లె కూతురికి పుట్టుకతోనే చెవులు వినబడవు. ఆ పిల్ల నాందేడ్‌లో చెవిటి పిల్లల బడికి పోతూ అప్పుడప్పుడే పెదవులు చూసి మాట పట్టడం నేర్చుకుంటున్నది. కిన్వట్‌లో అలాంటి బడి లేదు.

"పొద్దంత ఎవలెవలో నా గొంతు ఇంటరన్నా" అంది ఒకసారి. "నా బిడ్డ ఒక్కతే ఇనది. అది ఇప్పుడు నా మొఖం సూసి 'అమ్మ' అంటున్నది. నేను అడివికి పోయి ఏం జేయాలె?"

 నేను బాగుచేశానన్న ప్రతిసారీ ఆమె మాట ఇంకొంచెం అబద్ధంలా కనబడుతున్నదని మాత్రం తెలిసింది. నేను చేతకానివాణ్నైనా అయి ఉండాలి, ఆమె నాటకమైనా ఆడుతూ ఉండాలి. రెంటిలో ఏది నిజమని ఆఫీసువాళ్లు అనుకుంటారో చెప్పనక్కర్లేదు.

పోలా పండుగ వచ్చింది. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, ఊరేగించే పండుగ. చాచాకు ఊళ్లో ఎద్దులున్నాయి, పోకపోతే అవి అలుగుతాయని సెలవు పెట్టాడు. మర్ఖేల్ అమ్మాయి ఇంటికి వెళ్లింది. గదిలో మిగిలింది బాయి, చెల్లె. చెల్లె పొద్దున డ్యూటీ చేసి, ఇంకెవరూ లేరు గనక సాయంత్రం డ్యూటీ కూడా ఆమే చేసింది. ఒక్కసారి కూడా తల పట్టుకోలేదు.

మర్నాడు నేను మెట్లెక్కుతుంటేనే బాయి గొంతు వినబడింది.

"అగో, ఓవర్‌టైం ఉంటె డోకేదుఖీ లేదు! పొద్దంత కూసున్నది, రాయి లెక్క కూసున్నది. నా కండ్లతోని సూసిన."

చెల్లె ఏడుపు ఆపుకుంటున్నది. "నాకూ తెల్వది బాయి. నిన్న నొయ్యలే. ఎందుకు నొయ్యలేదంటె నేనేం జెప్పాలె?"

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నిన్న ఏమి మారింది? తెర అదే, కుర్చీ అదే, కరెంటు అదే. కాకపోతే మనుషులు లేరు. మనుషులు లేరు కాబట్టి వాళ్ల తెరలు వెలగలేదు.

నేను వెళ్లి చెల్లె కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా చూడకుండా, ఎదురుగా ఉన్నట్టే తల పెట్టి, కంటి కొసతో చాచా తెరను చూశాను. ఊగింది. సన్నగా, వణికినట్టు. తల తిప్పి సూటిగా చూస్తే నిలిచిపోయింది. మళ్లీ ఎదురుగా తిరిగితే మళ్లీ కొసలో వణుకు. కంటి నడుమ కంటే అంచుకే కదలిక తొందరగా తెలుస్తుంది. గట్టు మీద కూర్చున్నవాడికి పాము సూటిగా కనబడదు, పక్కన గడ్డి కదిలినట్టు తెలుస్తుంది, అట్లా. ఇన్ని రోజులు నేను ఆమె తెరను చూస్తూ కూర్చున్నాను. ఆమెను కొట్టేవి రెండు పక్కలా ఉన్నవి.

బాయికి చెప్పాను. నమ్మలేదు. "రోజుకొకటి చెప్తవ్" అంది. అందులో తప్పు పట్టడానికీ లేదు.

బదిలీ సంగతి తేల్చడానికి పై ఆఫీసు నుంచి అధికారి వచ్చిన రోజు నాకు పొద్దున్నుంచి కాలు ఒకచోట నిలవలేదు. ఆయన కృష్ణా జిల్లావాడు, తెలుగు దొరికిందని నాతో కాస్త చనువుగా మాట్లాడేవాడు. నేను మొహమాటం వదిలి అడిగాను.

"సార్, ఒక్క అరగంట ఇయ్యండి. పరీక్ష మీరే చేయండి. నేను దూరంగ నిలబడత."

"ఏం పరీక్షయ్యా?"

"ఆమెను బయటికి పంపుదాం. చాచా తెరను మీ ఇష్టం వచ్చినట్టు పెట్టండి, అరవై గానీ ఎనభై ఐదు గానీ. ఆమె వచ్చి తన తెర దిక్కే చూసుకుంట కూసుంటది. పక్కది ఊగుతున్నదో లేదో చెప్తది."

ఆయనకు ఉత్సాహం కలిగింది. చాచా లేచి తన కుర్చీ ఆయనకు ఇచ్చాడు. మర్ఖేల్ అమ్మాయి తెర ఆపించి, ఆమెను స్తంభం అవతల బాయి కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్లు ఎత్తమన్నాం. అక్షరాల పెద్దాచిన్నా చూసి పోల్చుకోకుండా రెండుసార్లూ గీతలు ఆరు వందలకే ఉంచి, వేగం ఒక్కటే మార్చమన్నాను. అది ఎక్కడ మార్చాలో చూపించి తలుపు దగ్గరకు పోయాను. చెల్లె వరండాలోకి వెళ్లింది.

అధికారి మొదట అరవై పెట్టాడు. చెల్లె లోపలికి వచ్చి కూర్చుంది. అంతలోనే, "ఊగుతున్నది సార్" అంది.

"సరే. మళ్లీ వెళ్లమ్మా."

ఈసారి ఎనభై ఐదు. తెర ఒకసారి నల్లబడి వెలిగింది. ఆయన బాయి వైపు తిరిగి, మా శాఖలో ఇంతకుముందు ఇలాంటి పరీక్ష ఎవరూ చేసి ఉండరని ఏదో సరదాగా అన్నాడు. బాయి నవ్వలేదు. చెల్లె వచ్చింది, కూర్చుంది.

"ఊగుతున్నది సార్."

 బాయి గట్టిగా గాలి వదిలింది. అధికారి నా వైపు జాలిగా చూశాడు.

"ఏమయ్యా? పెట్టింది ఎనభై ఐదు."

చెల్లె మొహంలో రక్తం లేదు. "నాకు ఊగుతున్నదే అన్నా" అంది మెల్లగా. అది నాతో అందో, తనతో తానే అనుకుందో.

 నేను అనుకున్నది తప్పా? కంటి కొసలో చూసింది నా భ్రమా? చాచా మానిటర్ దగ్గరకు నడిచి, ఇంకేం చేయాలో తెలియక, దాని కింద ఉన్న చిన్న మీట నొక్కాను. ఆ డబ్బాలు తాము ఎంత వేగంతో తిరుగుతున్నాయో తామే చెబుతాయి. కంప్యూటర్ ఏం ఆజ్ఞ ఇచ్చిందో కాదు, నిజంగా ఏం జరుగుతున్నదో. ఒక మూల చిన్న పెట్టెలో అంకె వచ్చింది. అరవై.

"సార్, ఇది అరవైలనే ఉన్నది."

"నేను మార్చానయ్యా!"

"మార్చినంక 'ఇట్లనే ఉంచాల్నా' అని అడుగుతది సార్. మీరు ఔను అనకపోతే కొంచెంసేపటికి అదే పాతదానికి పోతది. మీరు బాయితోని మాట్లాడుతుండ్రి అప్పుడు."

ఆయన వంగి ఆ అంకెను చూశాడు. తర్వాత చెల్లెను చూశాడు. ఆ చూపు మారడం నేను చూశాను. నేను పెట్టిన పరీక్ష కంటే నమ్మదగినది ఏదో అనుకోకుండా జరిగిపోయింది. గదిలో ఎవరికీ తెలియనిది ఆమె కంటికి తెలిసింది.

"ఇంకొక్కసారి" అన్నాడు. ఈసారి ఔను అని నొక్కి, మీట నొక్కి అంకె కూడా చూసుకొని, నోరు కట్టేసినట్టు కూర్చున్నాడు.

చెల్లె వచ్చింది. కూర్చుంది. ఏమీ అనలేదు. ఇంకా ఏమీ అనలేదు.

"చెప్పమ్మా."

"ఏం లేదు సార్."

"ఏం లేదంటే?"

"ఏం ఊగుతలేదు. ఉత్తగ కూసున్న."

అధికారి లేచి నిలబడ్డాడు. బదిలీ మాట ఆపిస్తానన్నాడు. కానీ కొత్త మానిటర్లు ఈ ఏడాది రావని కూడా చెప్పాడు. "తెరలన్నీ తగ్గించుకోండి మరి. ఫోనుకు పట్టే సమయం పెరుగుతుంది. పెరిగితే పైవాళ్లు అడుగుతారు. అది మీరూ మీరూ తేల్చుకోండి" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. నిజం తేల్చి, కష్టం మాకు వదిలేసి పోయాడన్నమాట. అధికారులు చాలామందిలో రెండోది మాత్రమే చూశాను గనక ఆయన మీద నాకు గౌరవమే.

ముందుగా నోరు విప్పింది చాచా. "మేరా తో కర్ డాలో భాయ్. నాదైతే ఇట్లనే పెద్దచ్చరాలతోనే ఉంచుండ్రి. ఇన్ని దినాలు నాకు అచ్చరాలు చీమల లెక్క కనబడుతుండె. చెప్తే ముసలోడైండంటరని ఊకున్న." సగం నెంబర్లు అందాజా మీద చెప్పావా చాచా అని అడిగితే, "ఖుదా జానే, దేవునికే ఎరుక" అని టోపీ సర్దుకున్నాడు.

మర్ఖేల్ అమ్మాయి మాత్రం తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్లలో నీళ్లు.

"నాది కాంట్రాక్ట్ అన్నా. మీకు కాయితం వస్తె జవాబు రాస్తరు. నా టైం పెరిగితె నన్ను తీసేస్తరు. అక్క మీద నాకు కోపం లేదు. కానీ నేనెట్ల ఒప్పుకోవాలె?"

 అడిగే హక్కు తనకు లేదన్నట్టు చెల్లె చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. నేను ఆ ఇద్దరి మధ్య నిలబడి, ఎవరివైపు మాట్లాడినా రెండోవారికి అన్యాయమేనని తెలిసి, తీగలు సర్దుతున్నట్టు నటించాను.

బాయి అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆమె వచ్చి తన బల్ల మీది నీళ్ల సీసా, కళ్లద్దాల డబ్బా, వేయించిన శనగల పొట్లం తీసుకుంది. నడుచుకుంటూ స్తంభం దాటి ఇవతలికి వచ్చి మూడో కుర్చీ ముందు పెట్టింది.

"నువ్వు నా జాగల్నే ఉండు" అంది మర్ఖేల్ అమ్మాయితో. "స్తంభం అడ్డముంటది. నీ టీవీ నీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకో." తర్వాత నన్ను చూసి, "ఏం జూస్తున్నవ్? దీన్ని గూడ తక్కువ చెయ్" అంది.

నాందేడ్ ఎండాకాలం తెలిసినవాళ్లకు కూలర్ ఎదుటి కుర్చీ వదలడం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చెల్లె లేచి ఏదో అనబోయింది. బాయి ఆమె వైపు చూడకుండా, హెడ్‌ఫోన్ తగిలించుకుంది. ఆ రోజూ, ఆ తర్వాతా, నాటకమని అన్నందుకు ఆమె ఒక్క మాట అనలేదు. డోకేదుఖీ అన్న మాట మాత్రం ఆ గదిలో మళ్లీ వినబడలేదు.

చెల్లె తలనొప్పి మాయమైందని చెప్పను. ఎండలు ముదిరితే, నిద్ర చాలకపోతే అప్పుడప్పుడు వచ్చేది. అందరికీ వచ్చేటంత వచ్చేది. చాచా చెప్పే నెంబర్లు ఇక తప్పు పోలేదు. కానీ గది మొత్తం మీద ఫోనుకు పట్టే సమయం పెరిగింది. పైవాళ్లు ఎప్పుడు అడుగుతారా అని ఎదురుచూస్తూ బతికాం. పై ఆఫీసు ఫోన్ గంట మోగినప్పుడల్లా నేను చేతిలో పని ఆపి వినేవాణ్ని.

ఒక మధ్యాహ్నం ఆ ఫోన్ రానే వచ్చింది. నేను బల్ల కింద దూరి తీగ బిగిస్తున్నాను. బాయి ఫోన్ ఎత్తింది. అవతల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు, బల్ల కింద ఉన్న నాకే ఆ గరగర వినబడింది. చాలాసేపు విన్నది బాయి. తెరల సంగతి చెబుతుందనుకున్నాను. చెల్లె పేరు చెబుతుందనుకున్నాను. చెల్లె కూడా అదే అనుకుంది కాబోలు, ఆమె కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకోవడం చూశాను.

"హో సాహెబ్" అంది బాయి. "ఆమ్చ్యాకడే ఏవఢాచ్ వేళ్ లాగ్తో." ఔను సార్, మా దగ్గర ఇంతే సమయం పడుతుంది.

అవతలివాళ్లు ఇంకేదో అడిగారు. ఆమె మళ్లీ అదే మాట అంది. మూడోసారి కూడా. ఎందుకని గానీ, ఎవరివల్ల గానీ చెప్పలేదు.

ఫోన్ పెట్టేసింది. నేను బల్ల కిందినుంచి తల బయటపెట్టాను. చాచా, చెల్లె, స్తంభం పక్కనుంచి మెడ చాచి మర్ఖేల్ అమ్మాయి, అందరూ ఆమెనే చూస్తున్నారు. బాయి కొంగుతో మెడ మీది చెమట తుడుచుకుంది.

"ఏంది, నన్ను జూస్తుండ్రు?" అంది తెలుగులో. "బోర్డు మీద దీపాలన్నీ ఎలుగుతున్నయ్. ఎత్తుండ్రి ఫోన్లు."